మెత్తటి పగడానికి చిరునామా

చెన్నై మన్నడిలో పగడాల వర్తకుల పేరు మీద ఒక వీధి ఉంది. ఇంగ్లీషు బోర్డు మీద కోరల్ మర్చంట్ స్ట్రీట్ అని ఉంటుంది. ఒకప్పుడు యూదు వర్తకులు అక్కడ కాపురముండి, మధ్యధరా సముద్రపు పగడాన్ని మద్రాసులో దించి, బదులుగా గోల్కొండ వజ్రాలు కొని ఓడెక్కించేవారు. ఆ వీధికి నాలుగు సందుల అవతల మా పిన్ని వాళ్ళ ఇల్లు. కుజుడి కోసమని ఆమె వేలికి ఎప్పటినుంచో ఒక పగడపు ఉంగరం ఉంది. మొన్న ఆదివారం నాకు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏరా, ఎప్పుడు చూసినా సముద్రం అడుగున మెత్తటి పగడాలు అంటుంటావు. పగడం మెత్తగా ఎలా ఉంటుందిరా? నా వేలికున్నది రాయిలా ఉందే!"

చారు చల్లారిపోయేదాకా చెప్పినా సగమే అయింది. మిగతా సగంతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పగడం అనే ఒక్క మాటను మనం చాలా రకాల జీవులకు వాడేస్తాం. లోతు తక్కువ ఉన్న వెచ్చటి నీళ్ళలో దిబ్బలు కట్టేవి రాతి పగడాలు. వాటి పాలిప్‌లకు, అంటే పువ్వులా విచ్చుకునే చిన్నచిన్న ప్రాణులకు, టెంటకిల్స్, అంటే ఆహారాన్ని పట్టే చేతులు, ఆరో, పన్నెండో, ఆరు లెక్కన పెరుగుతూ ఉంటాయి. రెండో శాఖ ఆక్టోకోరల్స్. వీటి పాలిప్‌కి ఎప్పుడూ ఎనిమిదే, ఒక్కొక్కటీ పక్షి ఈకలా రెండు పక్కలా కుచ్చులతో ఉంటుంది. దాదాపు 3500 జాతులకు ఇప్పటిదాకా పేర్లు పెట్టారు. మెత్తటి పగడాలు, సీ ఫ్యాన్ అని పిలిచే సముద్రపు విసనకర్రలు, బురదలో కాడ గుచ్చుకుని నిలబడే సీ పెన్‌లు అన్నీ ఈ ఇంటివే. మా పిన్ని ఉంగరంలోని కొరాలియం కూడా ఈ ఇంటిదే, దిబ్బలు కట్టే రాతి పగడాలకు చెందింది కాదు.

ఇంకా విచిత్రం ఉంది. లోతు సముద్రంలో రాళ్ళ మీద ఎర్ర పుట్టగొడుగులా కూర్చునే ఆంథోమాస్టస్ అనే పగడం ఒకటుంది. ముట్టుకుంటే కండలాగా మెత్తగా ఉంటుంది. ఇప్పటి వర్గీకరణలో ఆ పుట్టగొడుగు, ఉంగరంలో పొదిగే కొరాలియం, రెండూ ఒకే కుటుంబం. రెండింటి ఒంట్లోనూ సున్నపు పలుకులు ఉంటాయి. ఆంథోమాస్టస్‌లో అవి కండలో విడివిడిగా చెదిరి ఉంటాయి, కొరాలియంలో నడిమి కాడ దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోయి రాయైపోతాయి. మెత్తదనం వంశానికి గుర్తు కాదన్నమాట. "అయితే నాది మెత్తటిదాని అక్కచెల్లెలే" అని పిన్ని ఉంగరం వైపు కొత్తగా చూసుకుంది.

ఇక లోతు సంగతి. చెన్నై తీరం దగ్గర పైనీళ్ళు ఏడాదిలో చాలా నెలలు 28, 29 డిగ్రీలు ఉంటాయి. అదే బంగాళాఖాతంలో 2000 మీటర్లు దిగితే 3 డిగ్రీల చుట్టుపక్కలకు వస్తుంది. ఉష్ణమండలం అనే మాట పైపొరకే చెల్లుతుంది, కింద ఉన్నది ఫ్రిజ్. 200 మీటర్లు దాటాక మొక్క బతికేంత వెలుగు ఉండదు, 1000 దాటితే సూర్యుడన్న ఊసే లేదు. పైనుండే పగడాలు ఒంట్లో నాచును పెంచుకుని అది వండిపెట్టింది తింటాయి. కిందివాటికి ఆ యోగం లేదు. పైనుంచి రాలే జీవుల తుక్కు, ప్రవాహంలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులు, దొరికింది పట్టుకుని తినాలి. అందుకే ఎదగడం నిదానం, బతకడం దీర్ఘం. లోతు పగడాల్లో కొన్నింటి వయసు వందల ఏళ్ళలో తేలుతుంది. ఒక వల ఈడ్పులో పోయినదాన్ని మన మనవలు కూడా తిరిగి చూడలేరు.

అలాంటి జీవి ఎక్కడెక్కడ ఉందో మ్యాపు గీయాలంటే ముందు అది ఏదో తెలియాలి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

మెత్తటి పగడాన్ని ఆకారం చూసి గుర్తుపట్టడం నమ్మదగ్గ పని కాదు. ఒకే జాతి ప్రవాహం ఎక్కువున్న చోట పొట్టిగా, తక్కువున్న చోట పొడుగ్గా పెరుగుతుంది. నీళ్ళు పీల్చుకుని ఉబ్బినప్పుడు ఒక రూపం, ముడుచుకున్నప్పుడు ఇంకో రూపం. రంగు చూద్దామంటే స్పిరిట్‌లో వేసిన కొన్నాళ్ళకు చాలావాటికి వెలిసిపోతుంది. మిగిలేది ఒంట్లోని ఆ సున్నపు పలుకులే. శాస్త్రంలో వాటిని స్క్లెరైట్లు అంటారు. ఇవి చాలావరకు మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కల ఉంటాయి.

వాటిని చూసే పద్ధతి మన వంటింటి పనిలాంటిదే. బియ్యపు గింజంత ముక్క కోసి గాజు పలక మీద పెడతాం. బట్టలు తెల్లబరిచే బ్లీచు రెండు చుక్కలు వేస్తాం. బుసబుసమని నురుగు లేస్తుంది, కండ కరుగుతుంది, కాసేపటికి అడుగున సన్నటి ఇసుక పేరుకుంటుంది. పప్పు కడిగినట్టు పైనీళ్ళు వంచుతూ నాలుగైదు సార్లు కడగాలి, తొందరపడితే పలుకులు నీళ్ళతోనే పోతాయి. తరువాత మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి. కొన్ని నూలు కదుళ్ళలా రెండు కొసలూ సన్నగా, ఒళ్ళంతా బుడిపెలతో. కొన్ని హనుమంతుడి గదలు. కొన్ని డంబెల్స్, కొన్ని దారపు రీళ్ళు, కొన్ని చేప పొలుసులు. పాలిప్ దగ్గర ఒక రకం, పై తోలులో ఒకటి, లోపలి కండలో ఇంకొకటి, కింద మొదలు దగ్గర వేరొకటి. నాలుగు చోట్ల నుంచీ ముక్క తీసి, నాలుగూ కలిపి చదివితేనే ఫలానా జాతి అని చెప్పే ధైర్యం వస్తుంది. ఈ ఆకారాలకు ఏది ఏ పేరుతో పిలవాలో కుదిర్చిన సచిత్ర పదకోశం 1983లో వచ్చింది. అంతకుముందు ఒకరి గద ఇంకొకరి కదురు.

ఎమ్మెస్సీ చదివేటప్పుడు నేను చేసిన నిర్వాకం ఒకటి చెప్పాలి. మా కాలేజీ ల్యాబ్‌లో ఒక విసనకర్ర పగడపు కొమ్మను ఫార్మలిన్ సీసాలో వేసి, పెద్ద పని చేశాననుకుని సెలవులకు ఊరెళ్ళాను. వేసవి దాటి వచ్చి ముక్క తీసి చూస్తే పలుకులు లేవు. ఫార్మలిన్‌ను అలాగే వదిలేస్తే పులుపెక్కుతుంది, ఆ ఆమ్లం సున్నాన్ని తినేస్తుంది. సీసాలో మిగిలింది తోలుసంచి. పైగా ఫార్మలిన్‌లో ఉంచినదాని నుంచి డీఎన్ఏ తీయడమూ గగనమే. లోతు పగడాన్ని ఆల్కహాల్‌లోనే వేయాలన్నది నాకు పుస్తకం నేర్పలేదు, ఆ సీసా నేర్పింది.

ఇప్పుడు రోబో కెమెరాల సంగతి చూద్దాం. వేల మీటర్ల లోతున ఒక పగడం పక్కగా ఆర్ఓవీ, అంటే ఓడ మీద నుంచి తీగతో నడిపే రోబో, పోతుంది. దీపాలు పడతాయి, 10 సెంటీమీటర్ల ఎడంతో రెండు లేజర్ చుక్కలు పగడం మీద వాలతాయి, దాన్నిబట్టి దాని సైజు లెక్కేస్తారు. చిత్రం అద్భుతంగా ఉంటుంది. కానీ మిల్లీమీటరులో పదో వంతు పలుకు ఏ వీడియోలో కనపడుతుంది? అందుకే నిజాయితీ ఉన్న శాస్త్రవేత్త వీడియో చూసి పూర్తి పేరు రాయడు. మన తెలుగువాళ్ళ పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది కదా, జీవుల శాస్త్రీయ నామాల్లోనూ అంతే, ముందు ప్రజాతి, తరువాత జాతి. వీడియోలో ఇంటిపేరు వరకు పోల్చుకోవచ్చు. సర్పిలంగా మెలిక తిరిగిన పొడవాటి కాడ ఉంటే ఇరిడోగోర్జియా, మనిషి ఎత్తు కాడ చివర పువ్వుగుత్తిలా పాలిప్‌లుంటే అంబెల్యులా. ఆ ఇంట్లో పెద్దవాడా చిన్నవాడా అన్నది ముక్క చేతికొస్తేగానీ తేలదు. అందుకే డేటాబేసుల్లో "ఇరిడోగోర్జియా, జాతి 1" లాంటి సగం పేర్లు కుప్పలుగా ఉంటాయి. చూసేవాళ్ళకు అది బద్ధకంలా కనిపిస్తుంది. నన్నడిగితే అదే పద్ధతి. తెలియకపోయినా పూర్తి పేరు రాసి పారేసిన రికార్డే అసలు ప్రమాదం.

డీఎన్ఏ ఉంది కదా అంటారా? మైటోకాండ్రియా అంటే కణంలో శక్తిని తయారుచేసే భాగం. చాలా జంతువులను గుర్తుపట్టడానికి వాడే జన్యువు ఒకటి అందులో ఉంది, కొట్లో సరుకు మీద బార్‌కోడ్ లాంటిది. ఆక్టోకోరల్స్ దగ్గర అది పెద్దగా పనిచేయదు. వీటి మైటోకాండ్రియాలో మరే జంతువులోనూ కనపడని మ్యూట్-ఎస్ అనే జన్యువు ఉంది. అది రాతలో దొర్లిన తప్పులను దిద్దేస్తూ ఉంటుందని, అందుకే వీటి మైటోకాండ్రియా డీఎన్ఏ చాలా నెమ్మదిగా మారుతుందని అనుకుంటున్నారు. ఫలితంగా వేరువేరు జాతులకు కూడా ఒకే బార్‌కోడ్ వస్తుంది. ఆ మ్యూట్-ఎస్‌నే బార్‌కోడ్‌గా వాడితే కొంత మెరుగు, కానీ అన్నదమ్ముల్లాంటి జాతులను అదీ విడదీయలేదు. అందుకని ఇప్పుడు కణకేంద్రకం నుంచి వందల జన్యుభాగాలను ఒకేసారి చదువుతున్నారు.

అలా చదివిన ఫలితమే 2022లో వచ్చిన పెద్ద మార్పు. అంతకుముందు మెత్తటి పగడాలు, విసనకర్రలు అన్నింటినీ ఆల్సియొనేసియా అనే ఒక క్రమంలో, అంటే చాలా కుటుంబాలు కలిసిన ఒక పెద్ద గుంపులో, వేసేవారు. మెక్‌ఫాడెన్, వాన్ ఓఫ్వెగన్, క్వాట్రినీ అనే శాస్త్రవేత్తలు కలిసి ఆ క్రమాన్ని తీసేసి, మొత్తం ఆక్టోకోరల్స్‌ను రెండు క్రమాలుగా పంచారు: మాలకాల్సియొనేసియా, స్క్లెరాల్సియొనేసియా. నోరు తిరగకపోతే వదిలేయండి, సంగతి మాత్రం పట్టుకోండి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మా నాన్న పుట్టిన ఊరు అడుగు కూడా కదల్లేదు, కానీ చిత్తూరు జిల్లా పోయి తిరుపతి జిల్లా అయింది. పాత ఉత్తరాలన్నీ తప్పుడు జిల్లాతో మిగిలాయి. పగడాల రికార్డులకూ అచ్చంగా అదే జరిగింది. 2022కి ముందు గీసిన "ఆల్సియొనేసియా మ్యాపు" ఏదైనా దొరికితే, అందులో ఒక్కో చుక్కనూ కొత్త జిల్లాకు మార్చి రాసుకోవాలి. కింది స్థాయి పేరు సరిగా రాసి ఉంటే అది గుమాస్తా పని. "మెత్తటి పగడం" అని మాత్రమే రాసి ఉంటే ఎవరూ చేయగలిగింది లేదు.

ఇక ఆ చుక్కల దగ్గరికే వద్దాం. హిందూ మహాసముద్రపు లోతు పగడాల మీద మనకున్న పునాది పుస్తకం 1906 నాటిది. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ సముద్రపు అడుగును వలతో ఈడ్చి తెచ్చిన నమూనాలను థామ్సన్, హెండర్సన్ అనే శాస్త్రవేత్తలు వర్ణించగా కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం అచ్చేసింది. లోతులు ఫాథమ్‌లలో ఉంటాయి. ఫాథమ్ అంటే మన బారే, రెండు చేతులూ చాచినంత, 1.83 మీటర్లు. ఆ రోజుల్లో ఓడ ఎక్కడుందో సూర్యుణ్ణీ నక్షత్రాలనూ చూసి లెక్కగట్టేవారు, వలను అడుగున చాలా దూరం ఈడ్చేవారు. ఆ ఈడ్పులో పగడం ఏ రాయి మీద నుంచి ఊడి వచ్చిందో ఎవరికి తెలుసు? నేటి కంప్యూటర్ మ్యాపులో మాత్రం అది సూదిమొనంత చుక్కై కూర్చుంటుంది. ఆ చుక్క చుట్టూ గీయాల్సిన అనుమానపు వలయాన్ని చాలా మ్యాపులు గీయవు.

ఓడ మీద నుంచి శబ్దం పంపి అడుగును కొలిచే మల్టీబీమ్ సోనార్ ఉంది కదా, దానితో పగడాలను నేరుగా చూడలేమా? లెక్క వేయండి. 1 డిగ్రీ వెడల్పున్న కిరణం 3000 మీటర్ల లోతుకు చేరేసరికి నేల మీద దాదాపు 52 మీటర్ల మచ్చ అవుతుంది. ఒక కల్యాణ మండపం అందులో ఇమిడిపోతుంది. మనం వెతికేది ఆ మండపంలో ఎవరి జడలోనుంచో రాలిన మల్లెమొగ్గ. సోనార్ పగడాన్ని చూపదు, పగడం నిలబడగలిగే నేలను చూపుతుంది. తిరిగొచ్చే ప్రతిధ్వని గట్టిగా ఉంటే రాయి, మందంగా ఉంటే బురద. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అదే విద్య.

ఆ విద్యతో ప్రపంచ సముద్రపు అడుగులో నాలుగో వంతుకు కాస్త మించి మాత్రమే ఇప్పటిదాకా మ్యాపుకెక్కింది. కంటితో, అంటే కెమెరాతో చూసింది ఎంత? 2025లో ఒక బృందం సుమారు 44,000 లోతు డైవ్‌ల రికార్డులు పోగేసి లెక్క తేల్చింది. 200 మీటర్లకు దిగువన ఉన్న అడుగులో 0.001 శాతం కూడా కాదు. మహా అయితే 3,800 చదరపు కిలోమీటర్లు. చెన్నై కార్పొరేషన్ లాంటివి తొమ్మిది అనుకోండి. అందులోనూ మూడింట రెండు వంతులు అమెరికా, జపాన్, న్యూజిలాండ్ తీరాల నుంచి 200 నాటికల్ మైళ్ళ లోపలే. హిందూ మహాసముద్రపు వాటా ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

ఇంత తక్కువ చూసి అంత పెద్ద మ్యాపు ఎలా గీస్తారు? దానికో ఒడుపుంది. పగడం దొరికిన చోట్ల లోతు, చలి, ఉప్పు, వాలు, ప్రవాహం, నీళ్ళలో కాల్సైట్, అంటే ఈ పలుకుల సున్నం, కరగకుండా నిలిచే స్థాయి అన్నీ కంప్యూటర్‌కు ఇచ్చి, అలాంటి పరిస్థితులు ఇంకెక్కడున్నాయో రంగు వేయమంటారు. ఆక్టోకోరల్స్‌కి ఇలాంటి ప్రపంచపటం 2012లోనే వచ్చింది. దీన్ని పిన్నికి చెప్పడానికి నాకు ఆంధ్రా మెస్సులు సాయపడ్డాయి. చెన్నైలో తెలుగువాళ్ళు ఎక్కడుంటారో తెలియాలి, ఇంటింటికీ తిరిగే ఓపిక లేదు. ఆంధ్రా మెస్సులున్న చోట్లు గుర్తుపెట్టి, వాటి చుట్టూ అద్దె ఎంత, బస్‌స్టాండ్ ఎంత దూరం అని చూసి, అలాంటి పేటలన్నింటికీ రంగు వేశామనుకోండి. కొంత నిజమే దొరుకుతుంది. కానీ నేను తిరిగింది టీ నగర్‌లోనే అయితే మ్యాపంతా టీ నగర్ పోలికే. పైగా ఆ మెస్సుల్లో గోంగూర పచ్చడి కలుపుకు తినేవాళ్ళలో సగం మంది తమిళులు! ఇలా రంగు వేసే కంప్యూటర్ లెక్కలను మోడళ్ళు అంటారు, లోతు పగడాల మోడళ్ళ బలహీనతలూ ఇవే. ఓడలు పోయిన దారులే చుక్కలవుతాయి. లేదని రూఢిగా తెలిసిన చోట్ల జాబితా దాదాపు ఉండదు. అడ్డదిడ్డంగా రాసిన పేర్లు మోడల్‌లోకి దూరితే నాలుగు జాతుల ఇష్టాయిష్టాలు ఒకదానివిగా చలామణీ అవుతాయి.

మోడల్ చెప్పేదాన్ని మన సముద్రం మీద పెట్టి చూస్తే విషయం రుచికరంగా ఉంటుంది. గంగా బ్రహ్మపుత్రలు హిమాలయాలను అరగదీసి తెచ్చిన మట్టి బంగాళాఖాతం అడుగున సుమారు 3000 కిలోమీటర్ల పొడవున పరుచుకుంది. విసనకర్ర ఆకారంలో పరుచుకున్న అంత పెద్ద బురద మేట ప్రపంచంలో ఇంకోటి లేదు. పాదం అతికించుకునే పగడానికి రాయి కావాలి, ఈ బురదలో దానికి చోటు లేదు. కాడ గుచ్చుకుని నిలబడే సీ పెన్‌కి మాత్రం ఇది సొంత పొలం. అండమాన్ వైపు అగ్నిపర్వతాల రాళ్ళు, నీటికింది కొండలు మొదలయ్యాక రాయికి అతుక్కునే పగడాల ఆశ పెరుగుతుంది. కాబట్టి చెన్నై ఎదురుగా వేల మీటర్ల లోతున మోడల్ ఎర్రరంగు వేస్తే నేను ముందు అడిగే ప్రశ్న, అక్కడ రాయి ఉందా అని. అడుగున రాయో మట్టో చెప్పే వివరమైన పటం చాలా మోడళ్ళకు అందుబాటులో ఉండదు.

బురద మధ్య రాయి దొరికే ఇంకో చోటుంది, అక్కడే డబ్బు కూడా ఉంది. మధ్య హిందూ మహాసముద్రంలో 5000 మీటర్లకు దిగువన బంగాళాదుంపల్లాంటి మాంగనీసు ఉండలు పరుచుకుని ఉంటాయి. వాటిని అన్వేషించడానికి మన దేశానికి 75,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతం మీద హక్కుంది. వేళచ్చేరి నుంచి తాంబరం పోయే రోడ్డులో పళ్ళికరణై దగ్గర ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ వాళ్ళ రోబో రోసబ్ 2010లోనే 5289 మీటర్లు దిగింది. ఉండలు ఏరే యంత్రం వరాహను 2021లో 5270 మీటర్ల దగ్గర నడిపి చూశారు. తరువాత అక్కడి జీవాన్ని, నేలను దగ్గరగా చూడటానికి ఓఎంఈ 6000 అనే స్వయంచాలక వాహనాన్ని దింపితే అది సర్వే చేసింది 14 చదరపు కిలోమీటర్లు. ముగ్గురిని 6000 మీటర్లకు తీసుకెళ్ళే మత్స్య 6000ను 2025 ఆరంభంలో చెన్నైకి ఉత్తరాన కాట్టుపల్లి రేవులో నీళ్ళలో పరీక్షించారు.

పసిఫిక్‌లోని ఇలాంటి ఉండల మైదానంలో ఆ ఉండలకే అతుక్కుని పెరిగే ఆక్టోకోరల్ ఒకటి దొరికి 2015లో కొత్త పేరు పెట్టించుకుంది. బురద మైదానంలో వీటికి దొరికే రాయి అంటే ఆ మాంగనీసు ఉండలే. మన ప్రాంతంలో ఏమేం ఉన్నాయో జాతి పేరుతో సహా రాయకుండా గనికి లైసెన్సు గురించి మాట్లాడటం, పొలంలో ఏం పైరుందో చూడకుండా రోడ్డుకు గుర్తు రాళ్ళు పాతడం లాంటిది.

చట్టం కాపాడదా అంటే అక్కడా పేరు గొడవే. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలు, నల్ల పగడాలతో పాటు "అన్ని గోర్గోనియన్లు" అని చేర్చారు. అంటే విసనకర్రలు. మంచి పనే. కానీ గోర్గోనియన్ అనేది ఇప్పుడు వంశాన్ని చెప్పే మాట కాదు, కాడ ఉన్న ఆకారాన్ని చెప్పే మాట. విసనకర్ర రూపమున్నవి రెండు క్రమాల్లోనూ చెదిరి ఉన్నాయి. కాడ లేని మెత్తటి పుట్టగొడుగు ఆ మాట కిందికి వస్తుందా? కోర్టులో వకీళ్ళు గంటలు వాదించుకోవచ్చు.

చెన్నై కాశిమేడు రేవులో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు చాలా ఉన్నాయి. ట్రాలర్ వలలో రొయ్యల మధ్య అప్పుడప్పుడు సీ పెన్ వస్తుంది, దాన్ని చెత్తతోపాటు నీళ్ళలోకి విసిరేస్తారు. అంత లోతుది కాకపోయినా అదీ ఒక రికార్డే. అలాంటిది కంటపడితే పక్కన రూపాయి బిళ్ళ పెట్టి రెండు వైపులా ఫోటో తీయండి. ఫోన్‌లో లొకేషన్ నొక్కితే రేవు అడ్రసే వస్తుంది, దానితో పనిలేదు. వల ఎక్కడ వేశారు, ఎన్ని బారల లోతు అని డ్రైవర్‌ని అడిగి రాసుకోండి, అతనికి తప్పకుండా గుర్తుంటుంది. విసనకర్రలా ఉంటే మాత్రం ఇంటికి తీసుకెళ్ళకండి, అది షెడ్యూలు జీవి. మా పిన్ని ఈ మాట విని, ఎప్పుడో రామేశ్వరంలో కొని టీవీ మీద పెట్టుకున్న ఎండు కొమ్మ వైపు చూసి, "అయితే ఇదేంట్రా?" అంది.